నిన్న పోసిన ఆయిల్ ఇవాళే నల్లబడిందా?

వానాకాలం దుక్కులు మొదలయ్యే ముందు మిర్యాలగూడ, హాలియా, దేవరకొండ రోడ్ల మీద ట్రాక్టర్ షెడ్లు కిటకిటలాడుతుంటాయి. ఆ రోజుల్లో ఏ షెడ్డు దగ్గర కాసేపు నిలబడ్డా ఒక పంచాయితీ చెవిన పడుతుంది. ఆయిల్ మార్పించుకుని పోయిన రైతు మర్నాడే బండి తోలుకుని మళ్లీ వస్తాడు. ఆయిల్ మట్టం చూసే గేజు గుంజి మెకానిక్ ముందు పెడతాడు. "ఏందన్నా, నిన్ననే గద మార్చినం. బొగ్గు లెక్క అయింది సూడు. పాత ఆయిలే పోసినవా?" మెకానిక్ ఖాళీ డబ్బా చూపిస్తాడు, బిల్లు చూపిస్తాడు, ఒట్టేస్తాడు. రైతుకు నమ్మకం కుదరదు. ఆయిలూ ఫిల్టరూ కలిపి రెండు మూడు వేలు పెట్టిన మనిషి, కంటికి కనబడుతున్న నలుపును కాదని మాటను ఎలా నమ్ముతాడు?

ఈ పంచాయితీలో చాలాసార్లు ఇద్దరి మాటా నిజమే. పోసింది కొత్త ఆయిలే, అది నల్లబడిన మాటా వాస్తవమే. డీజిల్ ఇంజన్లో ఆయిల్ మార్చిన కొద్ది గంటల్లోనే నల్లబడటం మామూలు సంగతి. అట్లని "నల్లబడిందంటే ఆయిల్ మంచిగ పనిచేస్తున్నట్టే" అని మెకానిక్‌లు సర్దిచెప్పే మాట కూడా పూర్తిగా నిలబడదు. ఆయిల్లోకి ఏం వచ్చి చేరిందో రంగు కొంతవరకే చెబుతుంది. ఆయిల్ సత్తువ ఎంత మిగిలిందో అస్సలు చెప్పదు. ఈ రెండింటినీ ఒకటిగా చూడటం వల్లే మన దగ్గర కొందరు బాగున్న ఆయిల్‌ను పారబోస్తున్నారు, ఇంకొందరు ఎప్పుడో సత్తువ పోయిన ఆయిల్‌తో ఇంజన్లు అరగదీస్తున్నారు.

నలుపు ఎక్కణ్ణుంచి వస్తుందో ముందు చూద్దాం. డీజిల్ ఇంజన్లో ముందుగా గాలి మాత్రమే సిలిండర్లోకి వస్తుంది. పిస్టన్ దాన్ని అదిమేకొద్దీ అది డీజిల్‌ను అంటించేంత వేడెక్కుతుంది. ఆ వేడి గాలిలోకి నాజిల్ డీజిల్‌ను సన్నని తుంపరగా చిమ్ముతుంది. తుంపర అంచుల్లో గాలి సరిపడా దొరుకుతుంది కాబట్టి అక్కడ డీజిల్ శుభ్రంగా కాలుతుంది. నడిమధ్యలో మాత్రం వేడి ఉంటుంది, గాలి చాలదు. అక్కడే డీజిల్లోని కర్బనం కాలకుండా మసిగా మారుతుంది. కిరోసిన్ దీపం వత్తి ఎక్కువగా పైకి తిప్పితే చిమ్నీ గాజు మసిబారేది కూడా సరిగ్గా ఈ కారణంతోనే.

పుట్టిన మసిలో ఎక్కువ భాగం ఆ మంటలోనే తర్వాత కాలిపోతుంది. మిగిలినదాంట్లో పెద్ద వాటా సైలెన్సర్ దారిన పోతుంది. కొద్దిపాటి మసి మాత్రం సిలిండర్ గోడ మీదున్న ఆయిల్ పొరకు అంటుకుంటుంది. పిస్టన్ రింగులు కిందికి దిగేటప్పుడు ఆ పొరను గీకి, అడుగున ఆయిల్ నిలిచే చాంబర్లోకి దించేస్తాయి. రింగుల సందుల్లోంచి కాలిన గ్యాస్ కూడా కొంత కిందికి జారుతుంది. షెడ్లలో బ్యాక్ కంప్రెషన్ అని పిలిచేది దీన్నే. ఎంత కొత్త ఇంజన్లోనైనా అది కొంత ఉంటుంది, రింగులు అరిగిన ఇంజన్లో చాలా ఉంటుంది. ఆ గ్యాస్ కూడా తన వంతు మసిని మోసుకొస్తుంది.

"ఫిల్టర్ కూడా కొత్తదే వేసినం గద, మరి ఫిల్టర్ ఏం చేస్తున్నట్టు?" అని అడుగుతారు. ఒక్కో మసి రేణువు 20 నుంచి 50 నానోమీటర్లు ఉంటుంది. గుత్తులుగా చేరినప్పుడు కూడా 100, 200 నానోమీటర్ల దగ్గర ఆగుతుంది. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, అంటే 70,000 నానోమీటర్లు. మామూలు ఆయిల్ ఫిల్టర్ కాగితం గట్టిగా ఆపేది 20 మైక్రాన్లు, అంతకన్నా లావు చెత్తను. దాని దృష్టిలో మసి అసలు లేనట్టే. ఎంత ఖరీదైన ఫిల్టర్ వేసినా ఆ నలుపు దాని గుండా దర్జాగా దాటిపోతుంది.

ఇంకా పెద్ద కారణం మరొకటుంది. దాన్ని లెక్కేసి చూస్తేనే నమ్మబుద్ధవుతుంది. డ్రెయిన్ బోల్టు విప్పగానే ఆయిల్ ధారగా పడుతుంది, తర్వాత సన్నటి దారమవుతుంది, చివరికి చుక్కలు. షెడ్డులో రద్దీ ఉంటే చుక్కలు ఆగకముందే బోల్టు బిగిస్తారు. ఆగేదాకా ఓపిక పట్టినా ఇంజన్ ఖాళీ కాదు. చాంబర్ అడుగున, ఆయిల్ పంపులో, బ్లాకు లోపలి సన్నని దారుల్లో, రాకర్ల మీద, కూలర్ ఉంటే దాని గొట్టాల్లో పాత ఆయిల్ కొంత నిలిచే ఉంటుంది. 7 లీటర్లు పట్టే ట్రాక్టర్లో అర లీటరు అలా మిగిలిందనుకుందాం. అర లీటరు ఆయిల్ దాదాపు 450 గ్రాములు. దింపేనాటికి అందులో 2 శాతం మసి ఉందంటే అది 9 గ్రాములు. కొత్తగా పోసిన ఆరున్నర లీటర్లలో ఆ 9 గ్రాములూ కలిస్తే మొత్తంలో మసి 0.15 శాతం. వినడానికి చాలా చిన్న అంకె. కానీ ఇంత సన్నని రేణువులు ఆయిల్ అంతటా పరుచుకున్నప్పుడు వెలుతురును మింగేస్తాయి. సెల్ఫు కొట్టి ఐదు నిమిషాలు నడిపేసరికి గేజు మీద తేనె రంగు మాయమవడానికి అంత మసి చాలు. పొలంలో అడుగు పెట్టకముందే నలుపు సిద్ధంగా ఉంటుంది.

ఈ మిగులును కడగాలని కొన్ని షెడ్లలో డీజిలో, కిరోసినో పోసి ఇంజన్ కాసేపు తిప్పి దింపుతారు. అలా చేయొద్దు. పాత ఆయిల్ ఎక్కడెక్కడ మిగిలిందో ఆ డీజిల్ కూడా సరిగ్గా అక్కడే మిగులుతుంది, కొత్త ఆయిల్‌ను పలుచన చేస్తుంది. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడే, చదునైన చోట, చుక్క ఆగేదాకా దింపితే చాలు.

ఇక ఆయిల్లో కలిపే మందుల సంగతి. డబ్బాలో ఉన్నదంతా ఉత్త నూనె కాదు. అందులో లోహపు భాగాలకు చెత్త అంటకుండా చూసే డిటర్జెంట్లు ఉంటాయి. ఇవి ఎక్కువగా కాల్షియం, మెగ్నీషియం కలిసిన రసాయనాలు. డిస్పర్సెంట్లనే ఇంకో రకం ప్రతి మసి రేణువు చుట్టూ చేరి, పక్క రేణువుకు అతుక్కోకుండా ఆపుతాయి. 1930ల్లో అమెరికాలో డీజిల్ ట్రాక్టర్ల పిస్టన్ రింగులు గాడుల్లో జిగురు పట్టి ఇరుక్కుపోతుంటే, దానికి విరుగుడుగానే డిటర్జెంట్ కలిపిన ఆయిల్ పుట్టింది. ఆ మందులు లేని ఆయిల్లో మసి ఇంజన్ లోపలి గోడలకు, గాడులకు పట్టేస్తుంది, చాంబర్ అడుగున మడ్డిగా పేరుకుంటుంది. పైన ఆయిల్ మాత్రం తేటగా కనిపించొచ్చు. మందులున్న ఆయిల్ మసిని తనలోనే తేల్చి ఉంచుతుంది కాబట్టి ఇంజన్ శుభ్రంగా ఉంటుంది, ఆయిల్ నల్లబడుతుంది. ఇన్నేళ్లు నాసిరకం ఆయిల్‌తో నడిచిన బండిలో ఒక్కసారి మంచి ఆయిల్ పోస్తే అది ఇంకా త్వరగా నల్లబడటానికి కారణం కూడా ఇదే. లోపల పట్టి ఉన్న పాత మడ్డి కూడా మెల్లగా దాంట్లోకి దిగుతుంది.

ఈ మధ్యకాలంలో డీజిల్ కార్లు, లారీలు కొన్నవాళ్లు "పాత బండ్లల్ల ఇంత నలుపు లేకుండె" అంటుంటారు. అందులోనూ నిజం ఉంది. బండ్ల పొగకు హద్దులు పెట్టే నిబంధనలు 2017 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చాయి. పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గించడానికి ఈజీఆర్ అనే ఏర్పాటు పెట్టారు. కాలిన పొగలో కొంత భాగాన్ని అది తిరిగి సిలిండర్లోకే పంపుతుంది. దాంతో మంట వేడి తగ్గుతుంది, మసి పెరుగుతుంది, ఆ మసిలో కొంత ఆయిల్లోకి చేరుతుంది. కాబట్టి ఆయిల్ తయారీ కూడా మారింది. డబ్బా మీద సీఐ-4, సీకే-4 అని ఉండే గుర్తులు ఆ ఆయిల్ ఎంత మసిని, ఎలాంటి ఇంజన్‌ను తట్టుకోగలదో చెప్పేవి. అక్షరం ముందుకు పోయేకొద్దీ పరీక్ష కఠినమవుతుంది. రేటు చూసి కొనేముందు ఈ రెండు అక్షరాలూ చూడాలి.

పెట్రోలు బండ్లలో కథ కొంచెం వేరు. పెట్రోలు సాధారణంగా గాలితో ముందే కలిసి వస్తుంది కాబట్టి మసి తక్కువ. అక్కడ రంగు ముదరడానికి ఎక్కువగా వేడి, ఆక్సీకరణ కారణం. ఆక్సీకరణను అడ్డుకోవడానికి కలిపిన కొన్ని మందులు తమ పని చేస్తూ చేస్తూనే ముదురు గోధుమ రంగుకు తిరుగుతాయి. మోటార్ సైకిల్లోనైతే ఇంజనూ, గేర్లూ, క్లచ్చూ చాలా బండ్లలో ఒకే లీటరు ఆయిల్లో మునిగి ఉంటాయి. క్లచ్ ప్లేట్ల పొడి కూడా అందులోనే కలుస్తుంది. లీటరు ఆయిల్ ఇన్ని పనులు చేస్తున్నప్పుడు కొన్ని వందల కిలోమీటర్లకే రంగు మారిందని కంగారు పడనక్కర్లేదు. కానీ బైకులో కారు ఆయిల్ పోయకండి. జాసో ఎంఏ, ఎంఏ2 అని గుర్తున్నదే పోయండి, లేకపోతే క్లచ్ జారొచ్చు.

తేటగా ఉన్నా నమ్మలేనిది

సీఎన్‌జీ, ఎల్‌పీజీ ఆటోలవాళ్లు ఈ విషయంలో ఎక్కువగా మోసపోతారు. గ్యాస్ మంటలో మసి దాదాపు ఉండదు. అందుకే ఆయిల్ వేల కిలోమీటర్లు తిరిగినా కొత్తదానిలా మెరుస్తుంటుంది. "ఇంత మంచిగున్న ఆయిల్ ఎందుకు పారబోయాలె" అని ఇంకో నెల, ఇంకో నెల అని నెట్టుకొస్తారు. గ్యాస్ ఇంజన్లో మంట వేడి ఎక్కువ. నైట్రోజన్ ఆక్సైడ్లు ఆయిల్‌తో కలిసి దాన్ని లోపల్లోపలే చెడగొడతాయి. ఆయిల్ చిక్కబడుతుంది, ఆమ్లం పెరుగుతుంది. రంగు మాత్రం నోరు మెదపదు. నల్ల ఆయిల్ చూసి భయపడే అలవాటులో నాకు కనిపించే అసలు ప్రమాదం ఇదే. భయం కన్నా, తేట ఆయిల్ చూసి పడే ధీమా ఎక్కువ ఇంజన్లను తినేస్తుంది.

రంగులో కనిపించని వాటిలో మన ప్రాంతానికి అన్నిటికన్నా పెద్దది దుమ్ము. దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి, నారాయణపేట వైపు చెల్క నేలల్లో మే, జూన్ నెలల్లో రోటవేటర్ తిరుగుతుంటే ట్రాక్టరే కనబడదు. ఆ దుమ్ములో ఉండేది ఇసుక, అంటే సిలికా. ఇంజన్ లోహాన్ని గీకగలిగేంత గట్టిది. బేరింగుకూ క్రాంకుకూ నడుమ ఉండే ఆయిల్ పొర కొన్ని మైక్రాన్ల మందం మాత్రమే. సరిగ్గా అదే సైజు దుమ్ము రేణువు ఆ సందులోకి పోతే రెండు పక్కలా గీతలు పడతాయి. సిలిండర్ లోపలి గోడలైన లైనర్లు, రింగులు అరిగి బ్యాక్ కంప్రెషన్ పెరుగుతుంది, బండి ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది. ఇంత నష్టం చేసే దుమ్ము ఆయిల్ రంగును పెద్దగా మార్చదు. అప్పటికే నల్లగా ఉన్న ఆయిల్లో అస్సలు తెలియదు.

దాన్ని ఆపాల్సిన చోటు ఎయిర్ క్లీనర్. పాత ట్రాక్టర్లలో ఆయిల్ గిన్నె ఉండే రకం ఉంటుంది. దుమ్ము రోజుల్లో ఆ గిన్నెను రోజూ విప్పి చూడాలి. అడుగున బురద పేరుకుంటే కడిగి, గుర్తు దాకా ఆయిల్ పోయాలి. గుర్తుకు తక్కువైతే దుమ్ము ఆగదు, ఎక్కువైతే ఇంజన్ ఆ ఆయిల్‌ను పీల్చేస్తుంది. కాగితం ఎలిమెంట్ రకమైతే కంప్రెషర్ గాలి దగ్గర పెట్టి గట్టిగా కొట్టే అలవాటు మానాలి. కాగితంలో కంటికి కనబడనంత చిరుగు పడినా ఇక అది ఉన్నా లేనట్టే. ఎయిర్ క్లీనర్ నుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు గొట్టం, దాని క్లిప్పు కూడా చూడండి. క్లిప్పు వదులైతే దుమ్ము ఫిల్టర్ దాకా పోకుండానే అడ్డదారిన లోపలికి వస్తుంది.

ఆమ్లం సంగతీ అంతే. డీజిల్లోని గంధకం కాలినప్పుడు పుట్టే ఆమ్లాన్ని విరిచే క్షారం ఆయిల్లో ముందే కలిపి ఉంటుంది. పని జరిగేకొద్దీ అది ఖర్చవుతుంది. బీఎస్-3 డీజిల్లో గంధకం 350 పీపీఎం (పది లక్షల పాళ్లలో 350) దాకా ఉండేది, బీఎస్-4లో 50, ఇప్పుడు బంకుల్లో దొరికే బీఎస్-6 డీజిల్లో 10కి దిగింది. ఆ మేరకు ఆయిల్ మీద బరువు తగ్గింది. కానీ క్షారం అయిపోయిన రోజున గేజు మీద ఏ గుర్తూ రాదు.

వేడి మాటకొస్తే, ఆయిల్ వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆక్సీకరణ వేగం సుమారు రెట్టింపవుతుందని లెక్క. నల్గొండలో 44, 45 డిగ్రీల ఎండ కాసే రోజుల్లో, యాసంగి కోతల్లో రేయింబవళ్లు తిరిగే హార్వెస్టర్ రేడియేటర్ జాలీకి గడ్డి, ఊక పట్టేసి ఉంటే ఆ ఇంజన్లో ఆయిల్ ఎంత త్వరగా పండిపోతుందో ఊహించండి. పూటకోసారి ఆ జాలీ దులిపితే ఆయిల్ ఆయుష్షు పెరుగుతుంది.

కొన్నింటిని మాత్రం కన్నూ ముక్కూ పట్టిస్తాయి, వాటికి వెంటనే స్పందించాలి. గేజు మీద ఆయిల్ పాల చాయలో ఉంటే నీళ్లు కలిసినట్టే: హెడ్ గాస్కెట్ కాలి ఉండొచ్చు, లైనర్ ఓ-రింగులు పోయి ఉండొచ్చు, ఆయిల్ కూలర్ చిల్లు పడి ఉండొచ్చు. ఆ బండిని షెడ్డుకు కూడా నడిపించొద్దు, లాక్కుపోవాలి. ఆయిల్ పోయకుండానే గేజు మీద మట్టం పెరుగుతూ, డీజిల్ వాసన వస్తుంటే నాజిల్ కారుతోందనో, పంపు సీల్ పోయిందనో అనుమానించాలి. బీఎస్-6 డీజిల్ కార్లలో ఊళ్లోనే కిలోమీటరు, రెండు కిలోమీటర్లు తిప్పేవాళ్లకు కూడా ఇది జరుగుతుంది. పొగ ఫిల్టర్‌ను కాల్చి శుభ్రం చేయడానికి బండి అదనంగా చిమ్మే డీజిల్ కొంత చాంబర్లోకి దిగుతుంది. అలాంటి కారును అప్పుడప్పుడు హైవే మీద అరగంట ఆగకుండా నడపాలి.

రంగుకు విలువే లేదనడం లేదు. అదే బండిని అదే పనిలో ఎన్నేళ్లుగానో చూస్తున్నవాళ్లకు దాని లెక్క తెలిసి ఉంటుంది. ఆ లెక్క ఒక్కసారిగా మారితే, అంటే మామూలుగా పదిపన్నెండు గంటల్లో ముదిరే నలుపు ఈసారి రెండు గంటల్లోనే వచ్చి, సైలెన్సర్ కూడా నల్ల పొగ కక్కుతుంటే, ఆయిల్‌ను తిట్టకుండా నాజిళ్లు, ఎయిర్ క్లీనర్, పంపు టైమింగ్ చూపించాలి. వరి మడి కరిగెట్లో కేజ్ వీల్స్ వేసి, ఇంజన్ గొంతు పట్టేంత బరువు మీద పెద్ద గేర్లో లాగినా మసి పెరుగుతుంది.

దొంగ ఆయిల్‌ను రంగు పట్టిస్తుందా?

పట్టించదు. వాడిన ఆయిల్‌ను సల్ఫ్యూరిక్ ఆమ్లంతో, రంగు పీల్చే మట్టితో శుద్ధి చేసి తేటగా తయారుచేసే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. మందులేవీ లేని ఆ నూనెకు కాస్త రంగు కలిపి పేరున్న కంపెనీ డబ్బాలో పోస్తే, డబ్బా విప్పినప్పుడు అసలుదానికన్నా అందంగా కనబడొచ్చు. పైగా కంపెనీలు కూడా కొన్ని రకాలకు గుర్తు కోసం ఎరుపో, పచ్చో రంగు కలుపుతాయి. కాబట్టి మూత సీలు మీ కళ్ల ముందు తెగాలి. బిల్లు తీసుకోవాలి. ఖాళీ డబ్బాకు అక్కడే స్క్రూడ్రైవర్‌తో రెండు చిల్లులు పెట్టించాలి. మంచి డబ్బాకు దొంగ ఆయిల్ తయారీదారుల దగ్గర గిరాకీ ఉంటుంది. నిజాయితీగా పనిచేసే మెకానిక్ దీనికి నొచ్చుకోడు. నిజానికి మర్నాడు జరిగే పంచాయితీ నుంచి ఆయన్ను కాపాడేది కూడా ఆ చిల్లే.

మరి ఎప్పుడు మార్చాలి? ట్రాక్టర్‌కు అవర్ మీటరే ఆధారం. చాలా ట్రాక్టర్ల పుస్తకాల్లో 250 గంటలని ఉంటుంది, కొత్త బండికి మొదటిసారి 50 గంటలకు. మీ బండి పుస్తకంలో ఉన్న అంకే మీకు లెక్క. మీటర్ పాడైపోయి సీజన్‌కోసారి అని అందాజాగా మార్చేవాళ్లు చాలామంది ఉన్నారు. సొంత పొలం మాత్రమే దున్నుకునే బండికి అది ముందే మార్చినట్టవుతుంది. కిరాయికి రోజంతా తిరిగే బండికి ఆలస్యమవుతుంది. మీటర్ బాగుచేయించే ఖర్చు ఒక్క ఆయిల్ మార్పిడితో వెళ్లిపోతుంది. బండి షెడ్డులోనే నిలబడి గంటలు నిండకపోయినా ఏడాదికి ఒకసారి మార్చాలి.

ఇంట్లోనే చేసుకోగలిగిన ఒక పరీక్ష ఉంది. స్కూల్ ల్యాబుల్లో వాడే ఫిల్టర్ పేపర్ ముక్కను గ్లాసు అంచుల మీద పరవండి, కింద దేనికీ తగలకూడదు. ఇంజన్ ఆపిన కాసేపటికి, వేడి ఇంకా ఉండగానే, గేజు నుంచి ఒకే ఒక్క చుక్క దాని మధ్యలో పడనివ్వండి. రాత్రంతా కదపకండి. తెల్లారి మచ్చ మధ్య నుంచి అంచు దాకా మెల్లగా పలచబడుతూ బూడిద రంగులో పరుచుకుని ఉంటే, ఎంత నల్లగా ఉన్నా డిస్పర్సెంట్లు ఇంకా బతికే ఉన్నట్టు. నడుమ గట్టి నల్లటి చుక్క ఆగిపోయి, దాని చుట్టూ గీత గీసినట్టు హద్దు, బయట ఉత్త నూనె వలయం కనిపిస్తే మసి రేణువులు ఒకదానికొకటి అతుక్కోవడం మొదలైందన్నమాట. ఇక ఆ ఆయిల్ చిక్కబడుతుంది, ఫిల్టర్‌ను పూడ్చేస్తుంది, రాపిడిని ఆపే పొరను కూడా గీకేస్తుంది. మారిస్తేనే మంచిది. అన్నిటికీ బయట రంగులేని వలయం చాలా దూరం పాకితే డీజిల్ కలిసిందని అనుమానించాలి, అంచు రంపపు పళ్లలా ఉంటే నీళ్లని. దుమ్మునూ, క్షారం తగ్గడాన్నీ మాత్రం ఈ పరీక్ష పట్టుకోలేదు.

వాటికి ల్యాబే దిక్కు. చాంబర్ పెద్దగా ఉండే బోర్ రిగ్గులు, హార్వెస్టర్లు, లారీల యజమానులకు ఒక్కో ఆయిల్ మార్పిడికే చాలా ఖర్చవుతుంది కాబట్టి ఆయిల్ టెస్ట్ గిట్టుబాటే. రిపోర్టులో ఇనుము పెరిగితే లైనర్లు గానీ గేర్లు గానీ అరుగుతున్నట్టు, సిలికాన్ పెరిగితే దుమ్ము దూరుతున్నట్టు. మసి శాతం, జిగట, మిగిలిన క్షారం అంకెల్లో వస్తాయి. శాంపిల్ తీసేటప్పుడు ఇంజన్ వేడిగా ఉండాలి, సీసా శుభ్రంగా పొడిగా ఉండాలి. డ్రెయిన్ బోల్టు విప్పగానే పడే మొదటి ధార, చివర్లో పడే అడుగు మడ్డి రెండూ వద్దు. సగం దిగాక నడిమి ధార పట్టి, సీసా మీద బండి నంబరు, ఆ ఆయిల్ నడిచిన గంటలు రాసి పంపాలి.